అమృతాంజనం రాసినా తగ్గకపోతే

ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఆవకాయ ప్యాకెట్ల పక్కన, చీర మడతల మధ్య ఒక అమృతాంజనం సీసా ఉంటుంది. దాంతోపాటు రెండు మూడు శారిడాన్ అట్టలు. ఆ సీసాకి మనతో చుట్టరికం ఈనాటిది కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ వ్యాపారంలో వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తలనొప్పి తెలుగు పత్రికలకి చేసిన మేలు తక్కువేం కాదన్నమాట.

అయితే మైగ్రేన్ ఉన్నవాళ్ళకి ఆ సీసా ఎంతవరకు పనికొస్తుంది? అందులోని పుదీనా సత్తు, కర్పూరం చర్మంలో చలిని గుర్తించే నరాలని తట్టిలేపుతాయి. నుదురు చల్లబడినట్టుంటుంది, దృష్టి కాసేపు అటు మళ్ళుతుంది. మామూలు తలనొప్పికి అంతమాత్రం చాలు. మైగ్రేన్‌కి మాత్రం చాలదు. లోపల నడిచేది దాని పాటికి అది నడుస్తూనే ఉంటుంది. పైగా మైగ్రేన్ వచ్చినప్పుడు ఘాటు వాసనలు పడవు కాబట్టి కొందరికి ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. (పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసా అందనంత ఎత్తులో పెట్టండి. కర్పూరం మింగితే వాళ్ళకి ఫిట్స్ రావచ్చు.)

మన ఇళ్ళలో దీనికి పేర్లు చాలా ఉన్నాయి. ఒంటితలనొప్పి, పార్శ్వనొప్పి అంటారు. ఆయుర్వేదం అర్ధావభేదకం అంది. ఎక్కువమంది మాత్రం "పైత్యం చేసింది" అని ఊరుకుంటారు. వాంతి అయ్యాక నొప్పి తగ్గుతుంది కాబట్టి, పాపం, కడుపుదే తప్పని అమ్మమ్మల కాలం నుంచీ తేల్చేశారు. అమెరికా వచ్చాక అదే నొప్పికి సైనస్ అని పేరు మారుతుంది. ముక్కు పక్కన బరువు, కళ్ళ వెంట నీరు ఉంటాయి కదా అని ఫార్మసీలో సైనస్ మాత్రలు కొనుక్కుంటాం. తమకి సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు మూడువేల మందిని ఇక్కడి వైద్యులు పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్‌కి సరిపోయాయి.

మీది మైగ్రేనా కాదా అని ఒక అంచనాకి రావడానికి ఫ్యామిలీ డాక్టర్లు వాడే మూడు ప్రశ్నలున్నాయి. తలనొప్పి వచ్చినప్పుడు వికారంగా ఉంటుందా? వెలుతురు భరించలేకపోతారా? గత మూడు నెలల్లో ఒక్కరోజైనా ఆ నొప్పి వల్ల మీ పనులు ఆగిపోయాయా? మూడింటిలో రెండిటికి అవునని జవాబొస్తే మైగ్రేన్ అయ్యే అవకాశం ఎక్కువ. నొప్పి ఒకవైపే ఉండాలన్న నియమం లేదు, రెండువైపులా రావచ్చు. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. మెట్లెక్కితే, వంగితే పెరుగుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో మూడింతలు ఎక్కువ. అయినా మనం దీన్ని ఓర్చుకోవలసిన చిన్న విషయాల్లోనే వేస్తాం. దీపాలార్పి పడుకుని, లేచి, గిన్నెలు సర్ది, పిల్లల్ని కుమాన్ క్లాసుకి దింపి వస్తాం.

ఇక మందుల సంగతికొద్దాం. మందు పేరెంత ముఖ్యమో, వేసుకునే వేళా అంతే ముఖ్యం. మైగ్రేన్ మొదలయ్యాక కడుపు కదలిక మందగిస్తుంది. మాత్ర మింగినా అది పేగుల్లోకి చేరి ఒంటపట్టడానికి చాలాసేపు పడుతుంది. "కాస్త చూద్దాం, తగ్గుతుందేమో" అని మూడు గంటలు ఓపికపట్టి, వాంతులు మొదలయ్యాక వేసుకున్న మందు పనిచెయ్యలేదంటే ఆశ్చర్యం లేదు. నొప్పి ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, మొదటి గంటలోపే, పూర్తి మోతాదు వేసుకోవాలి. మనవాళ్ళు చేసేదల్లా దీనికి తలకిందులు. ఆలస్యంగా వేసుకుంటారు, వేడి చేస్తుందని సగం మాత్రే వేసుకుంటారు, ఆ తర్వాత రోజుకి నాలుగుసార్లు వేసుకుంటారు.

చిన్న, మధ్యస్థాయి నొప్పికి చీటీ లేకుండా దొరికే ఐబుప్రొఫెన్ (ఆడ్విల్), నాప్రొక్సెన్ (అలీవ్) చాలామందికి సరిపోతాయి. కడుపులో పుండ్లున్నవాళ్ళూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళూ వీటి జోలికి పోకూడదు. ఎక్సెడ్రిన్ మైగ్రేన్ అని అమ్మేదాంట్లో ఎసిటమినోఫెన్, ఆస్పిరిన్, కాఫీలో ఉండే కెఫీన్ కలిసి ఉంటాయి. మన శారిడాన్ దీనికి దూరపు బంధువే. అందులోనూ పారాసిటమాల్, కెఫీన్ ఉన్నాయి. మూడోది ప్రొపిఫెనజోన్, దానికి అమెరికాలో అనుమతి లేదు. ఇంకో సంగతి, పారాసిటమాల్, ఎసిటమినోఫెన్, టైలెనాల్, క్రోసిన్, డోలో అన్నీ ఒకటే మందు. శారిడాన్ వేసుకుని, తగ్గలేదని టైలెనాల్ వేసుకుని, జలుబుగా ఉందని రాత్రికి నైక్విల్ తాగితే ఒకే మందు మూడుసార్లు లోపలికి వెళ్ళినట్టు. భారం మోసేది లివరు.

వీటికి లొంగని నొప్పికి ట్రిప్టాన్లున్నాయి. మొదటిది సుమాట్రిప్టాన్. అమెరికాలో ఇంజెక్షన్‌గా 1992 చివర్లో, మాత్రగా 1995లో వచ్చింది. అంతకుముందు వాడిన మందుల్లో చాలావరకు నొప్పిని మొత్తంగా మొద్దుబార్చేవి. ఇది మైగ్రేన్‌ని ఉద్దేశించి చేసిన మందు. ఇమిట్రెక్స్ అన్న పేరుతో చాలా ఖరీదుగా ఉండేది. 2008లో అదే మాత్రని జెనెరిక్‌గా అమెరికా మార్కెట్‌లోకి తెచ్చింది మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్. ఇప్పుడు మీ ఫార్మసీ ఇచ్చే నారింజరంగు డబ్బా మీద చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు చదవండి, డాక్టర్ రెడ్డీసో అరబిందోనో కనిపించినా కనిపించవచ్చు. సూట్‌కేసులో తెచ్చుకోనక్కరలేదు, హైదరాబాద్ మందు ఇక్కడికి వచ్చేసింది.

ట్రిప్టాన్లు మొత్తం ఏడు. ఒకటి పనిచెయ్యకపోతే రెండోది పనిచెయ్యవచ్చు. "నాకు ట్రిప్టాన్ పడదు" అని తేల్చేసుకునే ముందు కనీసం రెండు రకాలైనా, వేళకి వేసుకుని, రెండు మూడుసార్లు చూడాలి. వాంతులెక్కువైతే ముక్కులో కొట్టుకునే స్ప్రే, చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్ ఉన్నాయి, కడుపుతో పని లేదు. వాంతుల మందు కూడా కలిపి రాయమని అడగవచ్చు. మెడ దగ్గర, ఛాతీలో బిగుతుగా అనిపించడం వీటితో మామూలే. అయితే ట్రిప్టాన్లు రక్తనాళాలని కొంచెం బిగిస్తాయి. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, బీపీ అదుపులో లేనివాళ్ళకీ ఇవ్వరు. మన దక్షిణాసియా కుటుంబాల్లో గుండెపోట్లు చిన్నవయసులోనే వస్తున్నాయి కాబట్టి నాన్నగారికి నలభైల్లోనే స్టెంట్ వేశారన్న సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి.

అలాంటివాళ్ళకి దారి మూసుకుపోలేదు. నొప్పి వేళ మెదడు నరాల్లోంచి సీజీఆర్పీ అనే పదార్థం విడుదలవుతుందని 1980ల నుంచీ పరిశోధిస్తూ వచ్చిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. లార్స్ ఎడ్విన్‌సన్, పీటర్ గోడ్స్‌బీ, మైఖేల్ మాస్కోవిట్జ్, యెస్ ఒలెసెన్. ఆ పదార్థాన్ని అడ్డుకునే మాత్రలే జీపాంట్లు. ఉబ్రెల్వీకి 2019 డిసెంబరులో, నాలుక మీద కరిగిపోయే నర్టెక్‌కి 2020 ఫిబ్రవరిలో ఇక్కడ అనుమతి వచ్చింది. ఇవి రక్తనాళాలని బిగించవు. ధర మాత్రం బిగిస్తుంది! రేవౌ అని ఇంకో మాత్ర ఉంది. అది వేసుకున్నాక ఎనిమిది గంటలు కారు నడపకూడదు. స్కూలు, ఆఫీసు, గ్రోసరీ అన్నీ డ్రైవింగ్ మీదే నడిచే ఊళ్ళలో ఆ షరతు చిన్నదేం కాదు.

ఇప్పుడు అసలు ఉచ్చు గురించి. నొప్పి తగ్గించే మందే ఎక్కువ రోజులు వాడితే నొప్పిని తెచ్చిపెడుతుంది. ట్రిప్టాన్లు, ఎక్సెడ్రిన్, శారిడాన్ లాంటి కలగలుపు మాత్రలు నెలకి పది రోజులు, ఒట్టి ఐబుప్రొఫెన్ లేదా టైలెనాల్ పదిహేను రోజులు, అలా మూడు నెలలు దాటితే మందుల తలనొప్పి పట్టుకుంటుంది. తెల్లారి లేవగానే తల బరువు, మాత్ర, మధ్యాహ్నానికి కాస్త నయం, మర్నాడు మళ్ళీ అదే. ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజు రెండు వేసుకున్నా ఒక రోజే. వారానికి రెండు రోజులు దాటకుండా చూసుకుంటే ఈ గొడవ రాదు. న్యూజెర్సీలో నాకు తెలిసిన ఒకావిడ ఇండియన్ స్టోర్‌లో ఉగాదికి ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీదే గుర్తులు పెడుతుంది. నొప్పి వచ్చిన రోజుకి గీత, మందు వేసుకున్న రోజుకి సున్నా, నెలసరి రోజులకి ఎర్ర చుక్క. ఫోన్లో యాప్‌లెన్నో ఉన్నాయి కానీ నొప్పితో ఉన్నవాళ్ళకి వెలిగే తెరకన్నా గోడమీది కాగితమే హాయి. పైగా ఆ క్యాలెండర్‌లో ఏకాదశి ఎప్పుడో కూడా ఉంటుంది.

ఏకాదశి ప్రస్తావన ఊరికే తేలేదు. ఉపవాసం, భోజనం వేళ తప్పడం మైగ్రేన్‌ని రప్పించే కారణాల్లో ముందువరసలో ఉంటాయి. కార్తీక సోమవారం నక్షత్రాలు కనిపించేదాకా మంచినీళ్ళైనా తాగకుండా ఉండి, మంగళవారం చీకటిగదిలో పడుకున్నవాళ్ళు మనలో ఎంతమందో. పాలో పండో తీసుకుని చేసే ఉపవాసం కూడా ఉపవాసమే కదా. తలంటు కూడా అంతే. "తడి జుట్టుతో ఉంటే తలనొప్పి వస్తుంది" అని పెద్దవాళ్ళంటే నవ్వేవాళ్ళం. ముంబైకి చెందిన తలనొప్పుల నిపుణుడు డాక్టర్ కె. రవిశంకర్, తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల గురించి 2006లో వైద్యపత్రికలో రాశారు. తడి జుట్టు ముడివేసుకోకుండా వెంటనే ఆరబెట్టుకోవడం, నొప్పి వచ్చే రోజుల్లో తలస్నానం వాయిదా వెయ్యడం, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇంగువ పోపు, అగరొత్తులు, పెళ్ళిళ్ళలో ఘాటు సెంట్లు, వారాంతంలో ఆలస్యంగా లేవడం, ఇండియా ప్రయాణంలో పోయిన నిద్ర, ఇవన్నీ ఒక్కొక్కరికీ ఒక్కోలా పనిచేస్తాయి. అన్నిటికీ భయపడి ఇల్లు కదలకుండా కూర్చోనక్కరలేదు. మీ క్యాలెండర్ ఏది చెబితే దాన్నే పట్టించుకోండి.

ఆడవాళ్ళ మైగ్రేన్‌లో హార్మోన్ల పాత్ర పెద్దది. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా వచ్చే నొప్పి మిగతా వాటికన్నా మొండిది. నెలసరి తేదీలు సరిగ్గా తెలిసినవాళ్ళకి ఆ నాలుగైదు రోజులు మాత్రమే వేసుకునేలా నాప్రొక్సెన్ కానీ, ఎక్కువసేపు పనిచేసే ఫ్రొవాట్రిప్టాన్ కానీ రాస్తారు. మెనోపాజ్ ముందటి సంవత్సరాల్లో చాలామందికి మైగ్రేన్ పెరుగుతుంది, ఆ తర్వాత సద్దుమణుగుతుంది.

నొప్పికి ముందు కళ్ళ ముందు మెరిసే వంకరటింకర గీతలు, చూపులో ఒక ముక్క మాయం కావడం, చెయ్యి తిమ్మిరెక్కడం, మాట తడబడటం కొందరికి ఇరవై నిమిషాలో, గంటో ఉంటాయి. దీన్ని ఆరా అంటారు. ఆరా ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదని సీడీసీ మార్గదర్శకాలు చెబుతున్నాయి, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది కాబట్టి. ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్నవి వాడవచ్చు. మొటిమలకనో, పీసీఓఎస్ అనో కాలేజీ అమ్మాయిలకి ఈ మాత్రలు రాసేటప్పుడు ఆరా ఉందా అని ఎవరూ అడగకపోవచ్చు. అమ్మాయి చెప్పాలి. అమ్మాయికి తెలియాలంటే ముందు అమ్మ చెప్పాలి, మైగ్రేన్ తల్లి నుంచి పిల్లలకి వచ్చే జబ్బు కూడాను.

గర్భిణులకి మొదటి మందు టైలెనాల్. ఇరవై వారాలు దాటాక ఐబుప్రొఫెన్ లాంటివి వద్దని ఎఫ్‌డీఏ 2020లో హెచ్చరించింది. నివారణకి ఇచ్చే వాల్‌ప్రొయేట్, టొపిరమేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని డాక్టర్‌తో ముందే అనాలి. నెలకో ఇంజెక్షన్‌గా ఇచ్చే కొత్త మందులు ఒంట్లోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుంది, కాబట్టి ఆ సంభాషణ ఇంకా ముందే జరగాలి.

కొన్ని తలనొప్పులకి క్యాలెండర్ చూస్తూ కూర్చోకూడదు. నిమిషంలోపే తారస్థాయికి చేరే భయంకరమైన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, ఎన్నడూ లేనట్టు చెయ్యో కాలో పడిపోవడం, తలకి దెబ్బ తగిలాక పెరిగే నొప్పి అయితే 911. గర్భం ఐదో నెల దాటాకగానీ, పురుడయ్యాక ఆరువారాల లోపుగానీ కొత్తగా తీవ్రమైన తలనొప్పి వస్తే బీపీ చూపించుకోవాలి, అదే రోజు. యాభై దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పిని మైగ్రేనని మనమే అనేసుకోకూడదు. మనవల్ని చూడటానికి వచ్చిన అమ్మలకీ, అత్తగార్లకీ ఈ మాట ముఖ్యం. వాళ్ళు అక్కడ వాడే ఫ్లునారిజిన్ ఇక్కడ దొరకదు. డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి.

ఇంటి వైద్యం మాటేమిటంటారా? శొంఠి గంధం నుదుటికి రాస్తే మంట పుడుతుందే కానీ మైగ్రేన్ ఆగుతుందనడానికి రుజువు లేదు. అల్లం లోపలికి తీసుకుంటే వికారం తగ్గుతుంది. ఇరాన్‌లో వందమంది మీద చేసి 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో శొంఠిపొడి సుమాట్రిప్టాన్‌కి దీటుగా పనిచేసిందన్నారు. ఒక్క చిన్న ప్రయోగాన్ని పట్టుకుని మందులు పారేయలేం కానీ, అల్లం టీ తాగితే పోయేదేం లేదు. మెగ్నీషియం, రోజుకి 400 మిల్లీగ్రాముల బీ2 విటమిన్ కొందరిలో మైగ్రేన్ రోజులు తగ్గిస్తాయి. మెగ్నీషియం పడకపోతే విరేచనాలవుతాయి. బటర్‌బర్ అన్న మూలికని మాత్రం వాడకండి, లివర్ దెబ్బతింటుందన్న భయంతో అమెరికా న్యూరాలజీ అకాడమీ 2015లో తన పాత సిఫారసుని ఉపసంహరించుకుంది.

నెలకి నాలుగు రోజులకి మించి పనులు చెడిపోతుంటే రాకుండా చేసే మందు గురించి అడగాల్సిందే. పాతవన్నీ వేరే జబ్బులకి పుట్టినవి. బీపీకి వాడే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకి పనికిరాదు. అమిట్రిప్టిలిన్‌తో మంచి నిద్రా వస్తుంది, బరువూ వస్తుంది. టొపిరమేట్‌తో బరువు తగ్గుతుంది కానీ నోటిదాకా వచ్చిన మాట దొరకదు, మీటింగుల్లో మాట్లాడే ఉద్యోగమైతే అది తమాషా కాదు. నెలలో సగం రోజులకి పైగా తలనొప్పి ఉండే దీర్ఘకాలిక మైగ్రేన్‌కి 2010 నుంచి బొటాక్స్ ఇస్తున్నారు, పన్నెండు వారాలకోసారి ముప్ఫయ్యొక్క చిన్న పోట్లు. సీజీఆర్పీని అడ్డుకునే ఇంజెక్షన్లలో మొదటిది ఐమోవిగ్ 2018 మేలో వచ్చింది, అప్పటి ధరే ఏడాదికి 6,900 డాలర్లు. పాత మందులు విఫలమయ్యాకే వీటిని ఇవ్వాలన్న నియమం అక్కరలేదని, మొదటే ఇవ్వవచ్చని అమెరికన్ హెడేక్ సొసైటీ 2024లో ప్రకటించింది. ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు ఇంకా ఆ మాట వినిపించుకోవడం లేదు. ముందు రెండు పాత మందులు వాడి చూపించమంటాయి.

అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌కి వెళ్ళేటప్పుడు మూడు నెలల క్యాలెండర్ కాగితాలు పట్టుకెళ్ళండి. "అప్పుడప్పుడూ తలనొప్పి వస్తుందండీ" అంటే పదిహేను నిమిషాల్లో ఇంకో ఐబుప్రొఫెన్ చీటీ చేతికొస్తుంది. "నెలకి తొమ్మిది రోజులు, అందులో మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు, ఏడు రోజులు మందు వేసుకున్నాను" అంటే సంభాషణ వేరుగా సాగుతుంది. ఇంతకుముందు ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు వాడారో, ఎందుకు మానేశారో రాసిపెట్టుకోండి, ఇండియాలో వాడినవి కూడా. నివారణ మందుకి రెండు మూడు నెలల గడువివ్వాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే అది పనిచేసినట్టే లెక్క. ఇన్సూరెన్స్ కాదంటే అప్పీలు చేసుకునే హక్కుంది, దానికీ కాదంటే బయటివాళ్ళ చేత సమీక్ష చేయించమని అడగవచ్చు. యాభైమందికి పైగా ఉద్యోగులున్న చోట ఏడాదిగా పనిచేస్తుంటే, ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద మైగ్రేన్ రోజులకి విడివిడిగా, జీతం లేని సెలవు పెట్టుకునే వీలుంది. ఆ ఫారాన్ని డాక్టరే నింపాలి. అప్పీలుకైనా, ఫారానికైనా అడిగేవి ఆ క్యాలెండర్ మీది అంకెలే, జిరాక్సు తీసి ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.